రంగు అణువుతో కరెంటు: మా ల్యాబ్‌కు తెప్పించిన డై సోలార్ సెల్ కిట్

హనుమకొండలోని మా డిగ్రీ కళాశాల కెమిస్ట్రీ ల్యాబ్‌కు, ఫైనలియర్ ప్రాజెక్టుల కోసం ఫిబ్రవరిలో డై సోలార్ సెల్ కిట్ ఒకటి తెప్పించాము. ఈ సెల్‌లో రంగు (డై) అణువు కాంతిని పీల్చుకుని, పలక మీది పూతకు ఎలక్ట్రాన్‌ను అందిస్తుంది; అలా కరెంటు పుడుతుంది. పెట్టెలో టైటానియం డయాక్సైడ్ పూసి కాల్చిన గాజు పలకలు, కార్బన్ పూసిన పలకలు, అయోడిన్ ద్రావణం సీసా, క్లిప్పులు, ఒక పొట్లం సేంద్రియ రంగు (లోహం లేని, కార్బన్ ఆధారిత రంగు) వచ్చాయి. మూడు నెలలు వాడిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

పలకలు నిజంగా మేలైనవి. ఆ పూతను దాదాపు 450 డిగ్రీల దగ్గర కాల్చవలసి ఉంటుంది కనుక, అంతటి కొలిమి లేని మా వంటి ల్యాబులకు పెద్ద శ్రమ తప్పింది. మందార పూల రసంలో నానిన తెల్లని పూత మెల్లగా ఊదారంగుకు తిరగడం, రెండు పలకలు జతచేసి అంచున ఒక్క చుక్క ద్రావణం వేయగానే అది సందులోకి దానంతటదే పాకడం పిల్లలు కళ్లార్పకుండా చూశారు. ఎండలో ఒక్కో సెల్ 0.4 వోల్టుల దాకా ఇచ్చింది. నాలుగింటిని వరుసగా కలిపితే చిన్న క్యాలిక్యులేటర్ పనిచేసింది.

నా అసంతృప్తి అంతా కిట్‌తో వచ్చిన పుస్తకం మీదనే. రంగులో నానబెట్టమని చెబుతుందే గాని, ఏ రంగు పడితే అది ఎందుకు పనికిరాదో చెప్పదు. అందుకని మేమే ఒక పలకను ల్యాబ్‌లో వాడే ఊదా రంగు క్రిస్టల్ వయొలెట్‌లో ముంచాము. ముదురు రంగు చక్కగా పట్టినట్టే కనిపించింది గాని, ఆల్కహాల్‌తో కడగగానే చాలా వరకు జారిపోయింది. మందార రంగులో పక్కపక్కన ఉన్న రెండు హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) సమూహాలు టైటానియంను పట్టుకుంటాయి. క్రిస్టల్ వయొలెట్‌కు అటువంటి కొక్కెం లేదు. కొత్త రంగు అణువుల రూపకల్పన ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎలక్ట్రాన్‌ను ఇచ్చే కొసన ట్రైఫినైల్ అమీన్, నడుమ వారధిగా థయోఫీన్, లాక్కునే కొసన పూతను అంటిపెట్టుకునే సయనోఅక్రిలిక్ ఆమ్లం ఉండటం బాగా వాడుకలో ఉన్న అమరిక. వారధిని పొడిగిస్తే అణువు ఎరుపు వైపు కాంతిని కూడా పీల్చుకుంటుంది, కాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని కరెంటు తగ్గే ప్రమాదం ఉంది. ఆ అతుకును ఆపడానికే పొడవాటి ఆల్కైల్ (కార్బన్-హైడ్రోజన్) గొలుసులు తగిలిస్తారు. 1991లో శాస్త్రవేత్తలు ఓరీగన్, గ్రాట్జెల్ ఇటువంటి సెల్‌తో 7 శాతానికి పైగా సామర్థ్యం సాధించింది రుథేనియం రంగుతో. అరుదైన ఆ లోహం అక్కరలేకుండా చేయాలన్నదే సేంద్రియ రంగుల వెనుక ఉన్న పట్టుదల. ఇందులో రెండు పేజీలైనా పుస్తకంలో ఉండవలసింది.

ద్రావణం సీసా మూత వదులుగా ఉండి దారిలోనే కొంత కారిపోయింది. అమ్మినవారికి రెండుసార్లు రాసినా బదులు రాలేదు. పైగా అంచులు మూయడానికి ఏమీ ఇవ్వకపోవడంతో, మే నెల వరంగల్ ఎండకు సెల్‌లోని ద్రావణం ఒక్క మధ్యాహ్నంలోనే ఎండిపోయింది. ఉదయం తొమ్మిదిలోపు కొలతలు తీసుకోవడం మేలు.

వచ్చే ఏడాదికి పలకలు మాత్రమే విడిగా తెప్పించుకుంటున్నాము. హోలీకి ములుగు వైపు నుంచి పిల్లలు తెచ్చి ఎండబెట్టిన మోదుగు పూలు ల్యాబ్‌లో సిద్ధంగా ఉన్నాయి.