జాగ్రత్త: రెస్టారెంట్ తనిఖీ రికార్డులు తెప్పిస్తామనే సైట్లకు డబ్బు కట్టకండి

ఏదైనా రెస్టారెంట్ వంటగది ఎలా ఉందో తెలుసుకోవాలని ప్రభుత్వ రికార్డుల కోసం వెతుకుతున్నారా? కార్డు బయటికి తీసే ముందు ఇది చదవండి. నేను మోసపోయాను. డబ్బు సరే, దాంతోపాటు దాదాపు నెల రోజులు పోయాయి. ఎక్కువ బాధ దాని గురించే.

ఒక రెస్టారెంట్‌లో తిని వచ్చిన రాత్రే మా నాన్నగారికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజుకు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆయనకు డెబ్బై దాటాయి, షుగర్ కూడా ఉంది. ఆ భోజనం వల్లేనని నేను ఖాయంగా చెప్పలేను గానీ, పక్కన కూర్చుని తిన్న మా చెల్లికీ అదే అయింది. అధికారులు ఆ వంటగదిలోకి చివరిసారి ఎప్పుడు వెళ్లారు, ఏం చూశారు, ఏం రాశారు? అది నా కళ్లతో చదవాలనిపించింది.

వెతికితే అన్నిటికంటే పైన ఒక సైటు కనిపించింది. ప్రభుత్వ ముద్రలా కనిపించే బొమ్మ, కింద "పూర్తి తనిఖీ చరిత్ర, 48 గంటల్లో" అని. కట్టేశాను. పన్నెండు రోజులకు రెండు పేజీల పీడీఎఫ్ వచ్చింది. మొదటి పేజీలో రెస్టారెంట్ పేరు, చిరునామా, చివరి తనిఖీ తేదీ, గ్రేడు ఉన్నాయి. రెండో పేజీ నిండా ఈ సమాచారానికి తాము బాధ్యులం కామన్న షరతులే. ఆ గ్రేడు ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా కనిపిస్తుంది. ఆ రెస్టారెంట్ తలుపు అద్దానికీ అంటించి ఉంది! డబ్బు వెనక్కి అడిగితే దరఖాస్తు రుసుము తిరిగి ఇవ్వమన్నారు. వాళ్లతో మెయిళ్లలో రెండు వారాలు కొట్లాడి, చివరికి శాఖకే ఫోన్ చేశాను. నా పేరు మీద గానీ, ఆ సైటు పేరు మీద గానీ అసలు ఏ దరఖాస్తూ రాలేదని చెప్పారు.

గ్రేడు వేరు, తనిఖీ నివేదిక వేరు. ఈ తేడా తెలియకే నేను దొరికిపోయాను. న్యూయార్క్ నగరంలో 2010 నుంచి అక్షరాల గ్రేడులు ఉన్నాయి. తప్పులకు పాయింట్లు వేస్తారు, 13 వరకు వస్తే 'ఏ'. అంటే ఒక్క తప్పూ దొరకని చోటికీ, 13 పాయింట్లు పడ్డ చోటికీ తలుపు మీద అదే అక్షరం. బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో 0 నుంచి 5 వరకు అంకె ఇస్తారు. ఆ అంకెను గుమ్మం దగ్గర పెట్టడం వేల్స్‌లో 2013 నుంచి తప్పనిసరి, ఇంగ్లండ్‌లో మాత్రం యజమాని ఇష్టం. అసలు విషయమంతా తనిఖీదారు రాసుకున్న కాగితంలో ఉంటుంది. అది అడిగి తీసుకోవాలి.

ఇలాంటి రికార్డులు అడిగే చట్టం చాలా దేశాల్లో ఉంది. పేరు మారుతుంది గానీ, మధ్యవర్తి అవసరం లేదు. మన సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి, ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో గడువు 20 పనిదినాలు. అమెరికాలో ఉన్నవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. 1966 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) శాఖలకే వర్తిస్తుంది. రెస్టారెంట్లను తనిఖీ చేసేది ఎక్కువగా కౌంటీ (మన జిల్లా లాంటిది), నగర ఆరోగ్య శాఖలు. కాబట్టి మీ రాష్ట్రపు పబ్లిక్ రికార్డుల చట్టం కింద వాళ్లనే అడగాలి.

ఆ తర్వాత నేనే నేరుగా దరఖాస్తు పెట్టాను. ఫిర్యాదుదారుల పేర్లు నల్లగా కొట్టేసి, మిగతావన్నీ పంపారు. చేతిరాత కాగితాలు. ఒకచోట "గదిలాంటి పెద్ద ఫ్రిజ్, 11 డిగ్రీలు, అక్కడికక్కడే సరిచేశారు" అని ఉంది. ముందు తనిఖీలోనూ అదే ఫ్రిజ్, 10 డిగ్రీలు, అదే మాట. అంతకు ముందూ అంతే. అమెరికా ఫుడ్ కోడ్ (ఆహార భద్రతకు అక్కడి నమూనా నియమాలు) ప్రకారం చల్లని పదార్థం 5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. ఇంకో కాగితం చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. వండి నాలుగు గంటలైన లోతైన గిన్నె, మూత బిగించి లోపల పెట్టారు, నడిమధ్యన 29 డిగ్రీలు. అదే కోడ్ ప్రకారం వండినది 57 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో దిగాలి, మరో నాలుగు గంటల్లో 5కి చేరాలి. లోతైన గిన్నెలో మధ్యభాగం అంత తొందరగా చల్లారదు, సూక్ష్మక్రిములకు అంతకంటే అనువైన చోటు ఉండదు. ఇవేవీ గ్రేడులో కనిపించవు.

అన్నట్టు, చిరునామాతో అడగండి, పేరుతో ఒక్కటే అడగొద్దు. రెండేళ్ల కిందట అదే వంటగది వేరే పేరుతో నడిచింది. పేరుతో మాత్రమే అడిగి ఉంటే ఆ పాత కాగితాలు నాకు వచ్చేవే కావు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది, నాకు ఆలస్యంగా తెలిసింది. రికార్డులు గడిచిపోయినదే చెబుతాయి. తిని జబ్బుపడితే ముందు ఆరోగ్య శాఖకు ఫిర్యాదు చేయాలి, అదే రోజు. అప్పుడే తనిఖీదారు వెళ్లేసరికి ఆ గిన్నెలు, ఆ ఫ్రిజ్ అలాగే ఉండే అవకాశం ఉంటుంది, డాక్టరు చేయించిన మల పరీక్షతో పోల్చి చూడగలుగుతారు. నేను పీడీఎఫ్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. నా ఫిర్యాదు అందేసరికి నెల కావొచ్చింది, పరీక్షించడానికి ఏమీ మిగల్లేదు.

కార్డు బ్యాంకులో వివాదం నమోదు చేశాను, ఇంకా తేలలేదు. ఆ సైటు ఇప్పటికీ వెతుకులాటలో పైనే ఉంది. చిరునామా ప్రభుత్వానిదో కాదో అక్షరం అక్షరం చూసుకోండి. నేను రాసిన దరఖాస్తు ఇది, కావలసినవాళ్లు వాడుకోండి: "ఈ చిరునామాలో గత మూడేళ్లలో ఏ పేరుతో నడిచినా సరే, ప్రతి ఆహార సంస్థకు సంబంధించిన తనిఖీ నివేదికలు, తనిఖీదారు చేతిరాత నోట్లు, ఉష్ణోగ్రతల నమోదులు, ఫొటోలు, వచ్చిన ఫిర్యాదులు, వాటిపై తీసుకున్న చర్యలు, మళ్లీ చేసిన తనిఖీల నివేదికల నకళ్లు ఇవ్వగలరు. ఏదైనా ఇవ్వలేకపోతే, ఏ నిబంధన కింద ఇవ్వడం లేదో రాతపూర్వకంగా తెలియజేయగలరు."