సొంత సైటా, వెబ్‌టూనా?

ఆన్‌లైన్‌లో కామిక్స్ గీద్దామనుకునేవాళ్లకి మొదటి టెన్షన్ ఇదే: బొమ్మలు సొంత సైటులో పెట్టాలా, వెబ్‌టూన్ అనే కామిక్స్ యాప్‌లో పెట్టాలా అని.

ఖర్చు: సైటుకి డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సైటు ఉంచే చోటు) ఖర్చు మన జేబులోంచే. వెబ్‌టూన్‌లో పెట్టడం ఉచితం.

శ్రమ: 2005లో సొంత సైటులో ఎక్స్‌కేసీడీ అనే కామిక్ మొదలుపెట్టిన రాండల్ మన్రో గీసినవి పుల్లల్లాంటి మనుషుల బొమ్మలే, వారానికి మూడు. నాసా పని 2006లో ముగిశాక టీషర్టులు కూడా అమ్మాడు. న్యూజిలాండ్‌కి చెందిన రేచల్ స్మైత్ 2018లో వెబ్‌టూన్‌లో ఎంచుకున్నది పొడవాటి రంగుల ధారావాహిక. దానికి 2022లో కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డొచ్చింది. కానీ వారంవారం అంత గీయాలంటే ఒక్క చెయ్యి చాలదు.

రిస్క్: సైటుకి ఎవరూ రాకపోవచ్చు. యాప్‌లో జనం ఉంటారు, రూల్స్ మాత్రం యాప్ వాళ్లవి.

ఉద్యోగం చేస్తూ చిన్న జోకులు గీసేవాళ్లకి సైటు. ఫోన్‌లో కిందికి జరుపుతూ చదివే పెద్ద కథైతే వెబ్‌టూన్.