ఆటో ఛానెల్, ఆటో పవర్: హాస్టల్ వైఫైలో చాలాకాలం వాడి చూశాక

అనంతపురంలో సాయినగర్ వైపు ఇంజినీరింగ్ పిల్లలుండే ఒక ప్రైవేటు హాస్టల్‌కి నెట్‌వర్క్ చూసేది నేనే. నాలుగు అంతస్తులు, కారిడార్ పొడవునా సీలింగ్‌కి యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు), అన్నిటికీ కలిపి వాటిని నడిపించే ఒక కంట్రోలర్. కంపెనీ పేరు చెప్పను. ఛానెల్, పవర్ వాటంతటవే సర్దుకునే ఈ రేడియో రిసోర్స్ మేనేజ్‌మెంట్ ఫీచర్ ఇప్పుడు చాలా కంపెనీల కంట్రోలర్లలో వస్తోంది, అమ్మేవాళ్లు చెప్పేదీ ఒకటే: ఆన్ చేసి వదిలేయండి సార్, అదే చూసుకుంటుంది. సగం నిజం.

ఆటో ఛానెల్ వల్ల లాభమైతే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అని మూడే ఛానెళ్లు, చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు, పిల్లల హాట్‌స్పాట్లు కలిస్తే సాయంత్రానికి మూడూ నిండిపోతాయి. వీధిలో ఎవరో కొత్త రౌటర్ పెట్టినప్పుడల్లా నేను లాప్‌టాప్ పట్టుకుని అంతస్తులెక్కే పని తప్పింది. కానీ కరెంటు పోయి వచ్చినప్పుడు చూడాలి తమాషా. మా దాంట్లో ఛానెల్ సంగతి ఏ పాయింట్‌కి ఆ పాయింటే తేల్చుకుంటుంది. అన్నీ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి స్కాన్ చేస్తాయి, 11 ఖాళీగా ఉందని అన్నీ అందులోకే పోతాయి, ఖాళీ బస్సు కనపడగానే స్టాండులో జనమంతా దాంట్లోకే ఎక్కినట్టు. కాసేపటికి అక్కడ రద్దీ అని మళ్లీ అన్నీ కలిసి 1కి. మారిన ప్రతిసారీ ఫోన్లు కట్ అవుతాయి, గేమ్ ఆడేవాడు ఊరుకుంటాడా, "ఏమన్నా, మళ్లా పాయె" అని గ్రూపులో మొదలుపెడతాడు. కంట్రోల్ సిస్టమ్స్ చదివినోళ్లకి ఇది తెలిసిన జబ్బే, ఆలస్యంగా వచ్చే కొలతకి గట్టిగా స్పందిస్తే లూప్ (కొలవడం, సరిదిద్దడం, మళ్లీ కొలవడం అనే చక్రం) అటూ ఇటూ ఊగుతుంది. కొత్త ఛానెల్ బాగా మెరుగ్గా ఉంటేనే మారేలా హిస్టరిసిస్ పెంచి, చెకింగ్ తెల్లవారుజామున మాత్రమే జరిగేట్టు పెట్టాక ఆ గోల ఆగింది.

నా అసలు కంప్లైంట్ ఆటో పవర్ మీద. అది కొలిచేది ఒక యాక్సెస్ పాయింట్ సిగ్నల్ పక్క యాక్సెస్ పాయింట్లకి ఎంత గట్టిగా అందుతోందని. కారిడార్‌లో మధ్యన అడ్డమేమీ లేదు కదా, బాగానే అందుతుంది. కంట్రోలర్ ఎక్కువైందనుకుని 3 డీబీ తగ్గిస్తుంది, అంటే పవర్ సగం. తర్వాత అందులో సగం. కారిడార్‌లో నిలబడితే సిగ్నల్ నిండుగా ఉంటుంది, మూల గదిలో గోడ అవతల, ఇనుప బీరువా పక్కన మంచం మీద ఉన్నవాడి ఫోన్‌లో ఒక్క గీత. డాష్‌బోర్డు మాత్రం అంతా పచ్చగా! లూప్‌లో తప్పు లేదు, చెప్పిన సెట్‌పాయింట్ (చేరాల్సిన విలువ) దగ్గరికి పోయి బుద్ధిగా ఆగుతోంది, కాకపోతే కొలిచే చోటు వేరు, సిగ్నల్ కావాల్సిన చోటు వేరు.

మొబైల్ వాళ్లు దీన్ని ఎప్పుడో సరిగ్గా చేశారు. డబ్ల్యూసీడీఎంఏ అనే 3జీ మొబైల్ టెక్నాలజీలో టవర్ తనకి అందిన సిగ్నల్‌ని కొలిచి, పెంచు, తగ్గించు అని ఫోన్‌కి సెకనుకి 1500 సార్లు చెప్పేది. 1993లో ఫోషినీ, మిల్జానిక్ అనే పరిశోధకులు ఇచ్చిన పద్ధతి కూడా అంతే, కావాల్సిన సిగ్నల్-ఇంటర్‌ఫియరెన్స్ (మిగతావాళ్ల సిగ్నళ్ల అడ్డు) నిష్పత్తిని అందిన నిష్పత్తితో భాగించి తన పవర్‌ని దాంతో గుణించుకోవడం, అందరి టార్గెట్లూ కలిపి సాధ్యమయ్యేవైతే పైన పెద్దమనిషి లేకుండానే సర్దుకుంటుంది. అక్కడా కొలత రిసీవర్ దగ్గరిదే.

మా దగ్గర మినిమం పవర్ 14 డీబీఎం (సిగ్నల్ పవర్ కొలమానం) కంటే దిగకుండా కట్టేశాక మూల గదుల నుంచి కంప్లైంట్ ఫోన్లు తగ్గాయి. పై అంతస్తుకి వెళ్లినా కింది పాయింట్‌నే పట్టుకు వేలాడే ఫోన్ల సంగతి వేరే, ఎప్పుడు మారాలో ఫోనే తేల్చుకుంటుంది, కంట్రోలర్ సలహా ఇస్తుంది అంతే.

5కి 3.5 ఇస్తా. మళ్లీ కొంటానా అంటే, మినిమం పవర్, హిస్టరిసిస్ రెండూ మన చేతిలో ఉండే మోడలైతేనే. ఆ సెట్టింగులు కనపడనీయకుండా ఒక్క ఆటో బటన్ ఇచ్చే చవక మోడళ్లున్నాయి, హాస్టల్‌కైతే వాటి జోలికి పోవద్దు.