క్వాటర్‌మాస్ డిస్కులు: పదిహేనేళ్ళకు పైగా చూసిన తరువాత

బ్రిటిష్ రచయిత నైజెల్ నీల్ బీబీసీ టీవీ కోసం 1950లలో రాసిన, ప్రొఫెసర్ క్వాటర్‌మాస్ అనే శాస్త్రవేత్త నాయకుడిగా ఉన్న మూడు సైన్స్ ఫిక్షన్ ధారావాహికలలో మిగిలి ఉన్న భాగాలన్నింటినీ కలిపి ఆ సంస్థ 2005లో డీవీడీల పెట్టెగా విడుదల చేసింది. లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు 2008లో సెలవులకు వస్తూ దానిని నాకు తెచ్చిపెట్టాడు. అప్పటినుంచి దాదాపు ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాను. మొదట ఎదురైన ఇబ్బంది కథలకు సంబంధించినది కాదు. డీవీడీలు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే రీజియన్లలో బ్రిటన్ డిస్కులది రెండవది, మన దేశానిది ఐదవది కావడంతో మా ఇంటి ప్లేయర్ వాటిని ఆడనివ్వలేదు. చివరికి రిపేరు దుకాణంలో ఒక కుర్రవాడు రిమోట్‌పై ఏవో అంకెలు నొక్కి సరిచేసి, యాభై రూపాయలు తీసుకున్నాడు.

1953 వేసవిలో వచ్చిన మొదటి ధారావాహికను అలెగ్జాండ్రా ప్యాలెస్ స్టూడియో నుంచి నేరుగా ప్రసారం చేశారు. ఆరు భాగాలలో మొదటి రెండింటిని మాత్రమే తెర ముందు కెమెరా పెట్టి ఫిల్ముపైకి ఎక్కించారు కనుక మనకు దక్కినవి ఆ రెండే. రెండవ భాగంలో ఒకచోట పురుగొకటి బొమ్మ మీద పాకుతూ కనిపిస్తుంది; రికార్డు చేస్తున్నప్పుడు తెర మీద వాలిన పురుగు అది. మొదటిసారి చూసినప్పుడు నేను లేచి వెళ్ళి మా టీవీని గుడ్డతో తుడిచాను. చివరి భాగంలో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో కనిపించే వికృత జీవి నిజానికి ఆకులు, తీగలు అంటించిన తొడుగులు వేసుకున్న నీల్ చేతులేనని చదివాను. చర్చి ఫోటోకు రంధ్రం చేసి అందులోంచి ఆ చేతులను ఆడించారట. దానిని చూసే భాగ్యం ఇక ఎవరికీ లేదు.

రెండవ ధారావాహిక (1955) మూడింటిలోనూ నేను తక్కువసార్లు చూసినది. మొదటిదానిలో ప్రొఫెసర్ క్వాటర్‌మాస్‌గా నటించిన రెజినాల్డ్ టేట్ చిత్రీకరణకు కొద్ది వారాల ముందే మరణించడంతో ఆ పాత్ర జాన్ రాబిన్‌సన్‌కు వచ్చింది, ఆయన సంభాషణలు అప్పజెప్పినట్టు చెబుతారు. ఎసెక్స్‌లోని చమురు శుద్ధి కర్మాగారంలో తీసిన బయటి దృశ్యాలు మాత్రం నేటికీ గుండెలో గుబులు పుట్టిస్తాయి.

పెట్టె ఖరీదంతా మూడవదానికే ఇచ్చాననుకుంటాను. 1958 డిసెంబరు నుంచి 1959 జనవరి వరకు వచ్చిన ఈ కథలో, లండన్ నైట్స్‌బ్రిడ్జ్ ప్రాంతంలో పునాదులు తవ్వుతుండగా యాభై లక్షల ఏళ్ళ నాటి పుర్రెలు, వాటి పక్కనే పేలని బాంబు అనుకున్న ఒక లోహపు గుల్ల బయటపడతాయి. ఆ వీధి పేరు హాబ్స్ లేన్. హాబ్ అన్నది ఇంగ్లీషులో సైతానుకు ఉన్న పాత పేర్లలో ఒకటి. పాత పత్రికలు, పాత రికార్డులు తిరగేసినకొద్దీ ఆ నేలను కదిలించినప్పుడల్లా దయ్యాల గోల రేగిందని తేలుతుంది. నీల్ పెరిగింది జానపద నమ్మకాలు బలంగా ఉన్న మాన్ ద్వీపంలో. ఆ నమ్మకాలను ఆయన వెక్కిరించడు, సాక్ష్యంగా తీసుకుని విచారిస్తాడు. ఇంగ్లీషు అంతగా రాని మా అమ్మకు ఈ సంగతి వివరిస్తే, "మా పుట్టింటి ఊళ్ళో పాడుబావి గురించి కూడా ఇలాగే చెప్పేవారు, పూడిక తీయబోతే చాలు కూలీలకు జ్వరాలు," అని, కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది.

స్లాడెన్ అనే డ్రిల్లు పనివాడు గుల్లలో ఒంటరిగా చిక్కుకుని, ఏదో పూనినవాడిలా పరుగెత్తి చర్చి ఆవరణలో బోర్లా పడిపోతాడు. అప్పుడు అతని ఒంటి కింద కంకర అలలా కదులుతుంది. అంతకుమించి చూపించరు. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా అరిచేతులు చల్లబడతాయి. చివరికి ఆ గుల్ల ప్రభావంతో నగరమంతా తమలో చేరనివారిని వేటాడే గుంపుగా మారుతుంది. లండన్‌లోని నాటింగ్ హిల్‌లో తెల్లవారి గుంపులు నల్లజాతివారిపై దాడులు చేసిన జాతి అల్లర్లు జరిగిన ఏడాదే ఈ ధారావాహిక ప్రసారం మొదలైందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ తరువాత ఆరవ భాగాన్ని వట్టి దయ్యాల కథగా చూడలేకపోయాను.

ఈ పెట్టె పుణ్యాన నీల్ మిగతా నాటకాలను కూడా వెతుక్కున్నాను. 1968లో ఒక కుటుంబాన్ని ద్వీపంలో వదిలి వాళ్ళ కష్టాలను జనానికి వినోదంగా చూపించే టీవీ కార్యక్రమాన్ని ఊహించి రాశాడు. మన ఇళ్ళలోకి రియాలిటీ షోలు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు సంగతి. 1972 క్రిస్మస్ రాత్రి వచ్చిన 'ది స్టోన్ టేప్'లో రాతిగోడే గతాన్ని రికార్డు చేసుకుంటుంది. 1979 నాటి నాలుగవ క్వాటర్‌మాస్ మాత్రం నాకు మింగుడుపడలేదు. అందులో యువతరం మీద ఆయనకున్న చిరాకు కథను తొక్కేసింది. ఎంతో జాగ్రత్తగా పాత్రలను విచారించే రచయిత ఆ పిల్లలను ఒక్కసారైనా పలకరించలేదనిపిస్తుంది. 1981లో రాసిన హాస్య ధారావాహిక 'కిన్విగ్' గురించి చెప్పకపోవడమే మేలు.

మూడవ ధారావాహిక చివరి భాగం ఇప్పుడు మా ప్లేయర్‌లో ఆగి ఆగి నడుస్తోంది. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిస్తే ఇంకా పనిచేస్తోంది.