మస్కట్ హాఫ్ డే టూర్: వ్యాన్ సోసో, గైడ్ సూపర్
తమ్ముడు మస్కట్‌లో ఉంటే వెళ్లి సిటీ టూర్ బుక్ చేసుకున్నాం, వ్యాన్ లేటు, ఏసీ అంతంతమాత్రం, కానీ గైడ్ మాత్రం సూపరండి. పొద్దున్నే గ్రాండ్ మసీదు (ముస్లింలు కానివాళ్లకి 11 లోపే, శుక్రవారం లేదు, ఆడవాళ్లు చున్నీ మర్చిపోవద్దు), తర్వాత అల్ ఆలం ప్యాలెస్, దానికి దగ్గర్లోనే పాత శివాలయం! సుల్తాన్ ప్యాలెస్ దగ్గర గుడేంటని అత్తయ్య ఒకటే ఆశ్చర్యం. వేరే మతాలతో అయినా, పక్క దేశాలతో అయినా సర్దుకుపోవడమే ఒమన్ పద్ధతని గైడ్ చెప్పాడు. 1980-88లో ఇరాన్ ఇరాక్ కొట్టుకుంటుంటే సౌదీ, కువైట్ ఇరాక్‌కి డబ్బులిచ్చినా అప్పటి ఒమన్ సుల్తాన్ ఖాబూస్ మాత్రం ఇద్దరితోనూ సంబంధాలు తెంచుకోలేదట, హోర్ముజ్ జలసంధికి ఇటు ఒమన్ అటు ఇరాన్, రోజూ ఎదురుపడే పక్కింటోడితో గొడవెందుకు మరి. కాకపోతే గుళ్లూ చర్చిలూ అనుమతిచ్చిన స్థలాల్లోనే, బయట మతప్రచారం కుదరదు, అదీ దాచకుండా చెప్పాడు. ముత్రా సూక్‌లో (పాత బజార్) ఇంకాస్త టైమ్ ఇవ్వాల్సింది. 4 స్టార్లు.