కాలిగో సేఫ్ వాష్ ఎచింగ్ ఇంక్: డ్రైపాయింట్‌కు పనికొస్తుందా?

వేల్స్‌లోని క్రాన్‌ఫీల్డ్ కంపెనీ తయారుచేసే ఈ ఇంక్ అవిసె నూనెతో చేసిందే, అయినా సబ్బునీళ్లతో వదిలిపోతుంది. టర్పెంటైన్ వాసన పడక ఇంట్లో ప్రింట్లు తీయలేని వాళ్లకు అదే పెద్ద ఊరట. ఇక్కడ చెప్పేదంతా నలుపు రంగు గురించే.

డ్రైపాయింట్ అంటే రాగి రేకు మీద సూదితో బొమ్మ గీసి, గీతల్లో ఇంక్ నింపి, ప్రెస్ కింద కాగితం మీదకు దింపడం. అలా గీస్తే గీత పక్కన గరుకు అంచు లేస్తుంది. అదే బర్. ప్రకృతి దృశ్యాల్లో చెట్ల గుబుర్లకు మఖ్మల్ లాంటి నలుపు వచ్చేది దానిలో ఇంక్ నిలవడంవల్లే. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1651 నాటి ప్రింట్ 'గోల్డ్‌వేయర్స్ ఫీల్డ్'లో పొదల దగ్గర కనిపించే మసక నలుపు అదే. ఇంక్ మరీ చిక్కగా ఉంటే, రేకు మీద మిగిలింది తుడవడానికి టార్లటాన్ అనే గంజిపెట్టిన వలగుడ్డతో గట్టిగా రుద్దాలి, దాంతో బర్ అణిగిపోతుంది. అసలే 10–20 మంచి ప్రింట్లకు మించి నిలవని బర్ ఇంకా ముందే అరిగిపోతుంది. అందుకే డబ్బాలోంచి తీసిన ఇంక్‌ను గాజు పలక మీద కత్తితో బాగా కలిపి, అదే కంపెనీ సేఫ్ వాష్ ఆయిల్‌ను చుక్కచుక్కగా చేర్చండి. కత్తి ఎత్తితే మెల్లగా జారాలి. నూనె ఎక్కువైతే ప్రెస్ కింద గీతల చుట్టూ మరక పాకుతుంది. మన ఎండల్లో ఇంక్ తనంతట తానే వదులవుతుంది. అప్పుడు నూనె వద్దు, ఇంక్‌ను చిక్కబరిచే మెగ్నీషియం కార్బొనేట్ పొడి చిటికెడు కలిపితే చాలు.

ఆకాశం దగ్గర పల్చటి ఛాయ నిలపడం ఈ ఇంక్‌తో తేలిక. అరచేత్తో చివరిసారి తుడిచేటప్పుడు క్షితిజరేఖ వైపు చేయి తేలిక చేస్తూ పోండి.

కాగితం 250–300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) కాటన్‌ది మేలు. నానబెట్టి, బ్లాటింగ్ కాగితాల మధ్య అద్దాక పైన నీటి మెరుపు కనిపించకూడదు. కనిపిస్తే అక్కడ ఇంక్ పట్టదు, తెల్ల మచ్చలు పడతాయి.

లోపం ఆరడమే. బర్ దగ్గర దళసరిగా దిగిన ఇంక్‌కు రోజులు పడుతుంది. తొందరపడి ప్రింట్లు ఒకదానిమీద ఒకటి పేరిస్తే పై కాగితం వెనకవైపు ఇంక్ అంటుకుంటుంది.

శుభ్రం చేసేటప్పుడు ముందు పొడిగుడ్డ, తర్వాత గిన్నెల లిక్విడ్, ఆఖరున నీళ్లు. ముందే నీళ్లు పోస్తే ఇంక్ జిడ్డుగా గీతల్లోకి పాకుతుంది. రాగి రేకును వెంటనే తుడిచి ఆరబెట్టాలి, లేదంటే మచ్చలు పడతాయి.

కొనేటప్పుడు లేబుల్ మీద 'ఎచింగ్' అని ఉందో లేదో చూడండి. ఇదే పేరుతో రిలీఫ్ ఇంక్ కూడా అమ్ముతారు, అది రోలర్‌తో పూయడానికి చేసింది.