అతుకు కనపడదు, మెత్తని స్వరం వినపడదు

విజయనగరం గంటస్తంభం దగ్గర పెళ్లి వీడియోలకు పాటలు కలిపే ఒక రికార్డింగ్ గదిలో ఇప్పుడు స్కేటింగ్ ప్రోగ్రాములకు సంగీతం కూడా కోసి ఇస్తున్నారు. ముక్కకు 1,200 రూపాయలు. రెండుసార్లు దిద్దడం అందులోనే.

పరీక్షకు ఇచ్చింది గట్టి సరుకే. పోలాండ్ స్వరకర్త షోపాన్ జి మైనర్ బల్లాడ్, 1836లో అచ్చయిన పియానో రచన. 2018 ఒలింపిక్స్‌లో జపాన్ స్కేటర్ యుజురు హన్యు షార్ట్ ప్రోగ్రాం (పోటీలో మొదటి, చిన్న ప్రదర్శన) దీని మీదే చేశాడు. మొత్తం వాయిస్తే 9 నిమిషాలు దాటుతుంది. మంచు మీద షార్ట్ ప్రోగ్రాంకు దక్కేది 2 నిమిషాల 40 సెకన్లు, అటో ఇటో 10 సెకన్లు. ఇక్కడి పిల్లలు తిరిగేది గచ్చు మీద చక్రాలతోనే అయినా ఆ కొలతే ఇచ్చి చేయించాం.

అతుకు మాత్రం మెచ్చుకోవాలి. పెడల్ తొక్కి ఉన్నప్పుడు పాత స్వరం మోగుతూనే ఉంటుంది. అక్కడ కోస్తే ఆ మోత టక్కున తెగి తలుపు వేసినట్టు వినిపిస్తుంది. వీళ్లు నెమ్మది వాల్ట్జ్ (ఊగే నాట్యలయ) భాగం మోతను మరో అర సెకను కింద సాగనిచ్చి, చివరి ప్రెస్టో (మహా జోరుగా సాగే భాగం) మొదటి దెబ్బను దాని మీద నిండుగా పడనిచ్చారు. రెండు వైపులా జి మైనరే కాబట్టి శ్రుతి కొట్టుకోలేదు.

తర్వాతే తేడా వచ్చింది. మొదటి ముక్క 2 నిమిషాల 54 సెకన్లు తేలింది. హద్దు దాటిన 4 సెకన్లు దించడానికి మొత్తాన్ని వేగం పెంచారు. సాఫ్ట్‌వేర్ శ్రుతిని కాపాడింది గానీ పియానో సుత్తి దెబ్బ మొద్దుబారిపోయింది. ఇలాంటప్పుడు మధ్యలో ఒకటి రెండు తాళం ఆవర్తాలు తీసెయ్యాలి, వేగం ముట్టుకోకూడదు. చెబితే మార్చారు.

"బీట్ ఎక్కడ పడతాది?" అని అడగడం మాత్రం మానలేదు. 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరే ఇది, అయినా డీజే పాటలకు అలవాటైన చెవికి లయ సాగి ముడుచుకునే పియానో కొత్తే. అందుకే ఏ భాగం ఏ సెకనులో మొదలవుతుందో కాగితం మీద రాయించుకోండి, కోచ్ లెక్కంతా దాని మీదే. అతుకు దగ్గర జంప్ పెట్టకండి. వేగం మారే ఆ రెండు సెకన్లలో అడుగులు వేయించి, జంప్ తర్వాత పెట్టుకోవడం మేలు.

అసలు లోపం శబ్దం. గదిలో హెడ్‌ఫోన్లలో అంతా బాగుంటుంది. మైదానంలో మైకుసెట్టు మీద, చక్రాల రొదలో వాల్ట్జ్ భాగం కొట్టుకుపోయింది. దాన్ని 5, 6 డెసిబెల్స్ చేత్తో పైకి లేపాలి. ముక్కంతటికీ లిమిటర్ (పెద్ద శబ్దాలను అణిచే పరికరం) పెట్టి నొక్కేస్తే ప్రెస్టో పేలదు. వీళ్లు నొక్కేశారు. పైగా చివరి స్వరాన్ని అర సెకనులోనే మాయం చేశారు. స్పిన్ ఆగి పోజు నిలిచేదాకా కనీసం ఒకటిన్నర సెకన్లు మోగనివ్వమని ముందే చెప్పండి.

రికార్డింగు మీరే కొని తీసుకెళ్లండి. లేదంటే నెట్‌లో దొరికిన పలచటి కాపీ వాడేస్తారు. రచనకు హక్కులు తీరిపోయినా వాయించినవాళ్ల రికార్డింగుకు ఉంటాయి. ఫైలు వాట్సాప్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో డబ్ల్యూఏవీగా (శబ్దం నాణ్యత తగ్గించని ఫైలు) అడగండి.